చీర పాతబడేదాకా

“గుంట పుట్టినాదే భానూ. మావిడిపండులాగున్నాది,” అని ఫోన్లో అత్త సోములమ్మ అరిచేసరికి కిరండూల్ పాసింజరు అరకు స్టేషన్ వదిలి అప్పుడే కదులుతోంది. భానుశ్రీ ఒళ్ళో బొంత ఉంది, కుడిచేతిలో సూది ఉంది, పళ్ళ మధ్య దారం కొస ఉంది, భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరుక్కుని ఉంది. అంచేత అంత ఆనందం వచ్చి మీద పడ్డా లేచి గెంతడానికి వీల్లేక, కూర్చున్న చోటే కాళ్ళు రెండూ టపటపా నేలకి కొట్టుకుంది. గోళ్ళ చివర పెళ్ళినాటి గోరింటాకు ఇంకా ఎర్రగా ఉండగానే ఆడపడుచుకి పాప పుట్టి తను ఒకరికి అత్త అయిపోయింది.

“తల్లీ పిల్లా బాగున్నారు. నెల ముందొచ్చీసినాదని డాక్టరమ్మ మొహం ముడుసుకుంది గానీ ఏటీ బయం నేదంట. ఇదిగో, బొంత అయిపోనాదా?”

“అయిపోయిందత్తా,” అంది భానుశ్రీ, పళ్ళ మధ్య దారం అలాగే ఉంచుకుని.

“నా తల్లే. ఈ రేత్రికి గుంటని దాని మీదే పడుకోబెట్టాల. టేసనుకి నీ మొగుడొత్తాడు, నువ్వు...” అంటూండగానే ఫోను మూగబోయింది. ఇక ఘాటు దిగేదాకా సిగ్నల్ ఉండదు.

అయిపోయిందని ఎందుకన్నట్టు? ఒళ్ళోకి చూసుకుంటే సగం కూడా కాలేదు. ఒక కొసన కొత్త చీర ఇంకా పరవనే లేదు, పరిచిన చోట కూడా చాలామేర ఊరికే పిన్నీసులు పెట్టి ఉంది, పిన్నీసు పిన్నీసుకీ మధ్య పొంగి గాలి పోసుకున్న పూరీలా ఉంది. అయినా ఆ క్షణాన ఇంకో మాట రాలేదు. అంత సంతోషంగా ఉన్న గొంతుకి లేదు అని ఎలా చెప్తాం, ఎవరైనా పండగపూట గడపలోకొచ్చి నిలబడితే వంట కాలేదంటామా, కూర్చోండి అయిపోయింది అనే అంటాం, అంటూనే లోపలికెళ్ళి పొయ్యి ఊదుతాం. ఇదీ అంతే. ఆసుపత్రి ఉన్న ఎస్.కోట రావడానికి ఇంకా టైముంది, వేళ్ళున్నాయి, కిటికీలోంచి వెలుతురుంది, బయట వలిస పూలు కొండ మొదలంటా పచ్చగా పరుచుకుని ఆ వెలుతురుని రెట్టింపు చేసి లోపలికి విసురుతున్నాయి. కుట్టేయొచ్చు. సూది దించింది. కొత్త చీరలోంచి సూది దిగడానికి మొండికేసింది, బొటనవేలితో తోసింది, దిగింది, కిందనుంచి పైకి లాగింది, టప్ మని సన్నగా ఏదో తెగిన చప్పుడు. దారం కాదు. దారమైతే బాగుండును.

ఆ చప్పుడు పొద్దున్నించీ వింటోంది. మొగుడు ఫల్గుణ మోటారుసైకిలెక్కి, అక్కకి నొప్పులొస్తున్నాయట నేను ముందు పోతాను, నువ్వు బొంత ముగించి సాయంత్రం రైలెక్కెయ్ అని చెప్పి వెళ్ళినప్పటినించీ, అత్త కూడా వదిన దగ్గరే ఉంది గనక ఇంట్లో ఒంటరిగా, నడవలో చాప మీద, కుట్టు కుట్టుకీ టప్. మొదట చీర నేత సర్దుకుంటోంది కాబోలు అనుకుంది. తీరా కొత్త చీర అంచెత్తి చూస్తే తను కుట్టిన వరస పొడుగునా కింద ఉన్న పాత గుడ్డ విచ్చుకుని ఉంది, తడిసిన అప్పడంలా, చిరిగినట్టు కూడా కాదు, ఎవరో ఊపిరి వదిలినట్టు విడిపోయి. అప్పుడు ఏడుపొచ్చింది. ఏడవడానికి టైం లేక రైలెక్కింది.

ఎందుకంటే ఈ బొంత అలాంటిలాంటిది కాదు. పెళ్ళయిన వారానికే అత్త అటక మీంచి దింపించి, వేపాకు నీళ్ళలో ఉడికించి, ఎండలో ఆరేసి, ఆ వెచ్చదనం పోకముందే తీసుకొచ్చి ఆమె ఒళ్ళో వేసింది. కొండ కింద ఎస్.కోట దగ్గర పొలాలమ్ముకుని అరకు ఎక్కిన ఫల్గుణ తాతమ్మ మొదలుపెట్టిందట. ఆవిడ చీర అడుగున, దాని మీద నాయనమ్మది, దాని మీద అత్తది. ఈ ఇంటికి ఏ కోడలొచ్చినా తను కట్టి కట్టి పాతబడిన చీర ఒకటి మడిచి పైన వేసి కుట్టాలి, తరవాత ఈ ఇంట ఏ బిడ్డ పుట్టినా మొదటి రాత్రి దాని మీదే పడుకోవాలి. కూతురి బిడ్డయినా కొడుకు బిడ్డయినా అంతే. మధ్యలో పెద్ద చిరుగు ఉంది, అందులోకి తొంగి చూస్తే బావిలో వరలు కనపడ్డట్టు అంచుల వెంట ముగ్గురూ కనపడతారు, పైన పసుపు, లోపల ఇటుకరంగు, అడుగున ఇప్పుడు ఏ రంగో చెప్పలేని తాతమ్మ. ఒక మూల నూలంతా పీచుపీచుగా ఉంటే ఇదేమిటత్తా అనడిగింది. “నీ మొగుడే. పళ్ళొచ్చినప్పుడు రేత్రంతా నమిలీసేవోడు, ఎలకపిల్లలాగ,” అంది అత్త. ఆ రాత్రి భానుశ్రీ నవ్వాపుకోలేక, ఎందుకు నవ్వుతున్నావంటే చెప్పక, అతని పళ్ళు చూపించమని వేధించింది. ఇప్పుడు కూడా ఆ మూల చేతికి తగలగానే నవ్వొచ్చింది, కోపంలో నవ్వొస్తే కోపం ఇంకా ఎక్కువవుతుంది కాబోలు, సూది వేలిలో గుచ్చుకుంది.

పాతబడిన చీర. అదే చిక్కు. కొత్త పెళ్ళికూతురి దగ్గర పాత చీర ఎక్కడినుంచి వస్తుంది? బీరువా తెరిస్తే మడత విప్పని పట్టుచీరలు అట్టముక్కల్లా నిలబడి ఉంటాయి, మిగిలినవి నైటీలు, చుడీదార్లు. కాలేజీకి చీరెవరు కట్టారు గనక, ఫేర్‌వెల్ నాడు తప్ప, అదీ అక్కది అడిగి తెచ్చుకుని. అత్త పెళ్ళయి వచ్చేనాటికే ఓణీలు దాటి రెండేళ్ళు చీరలు కట్టి నలగ్గొట్టి తెచ్చుకుందట. అమ్మ పాత చీర పంపమననా అని భానుశ్రీ అంటే, “మీయమ్మ మీయమ్మే. నీ ఒంటి మీద నలగాల,” అంది. అని, కడుపుతో ఉన్న కూతురి వైపు చూసి, వేళ్ళు ముడిచి నెలలు లెక్కపెట్టి, టయిముందిలే అంది. టైముంటుందనే అందరూ అనుకున్నారు. ఇదిగో ఈ గడుగ్గాయి తప్ప.

సరే, పాతది లేకపోతే పాతబరుద్దాం అనుకుంది. ఆ ఆలోచనకి తనే మురిసిపోయింది. శుక్రవారం సంతలో నీలం మీద తెల్లగీతల నేతచీర కొని మర్నాటినించీ దానికి ముసలితనం తేవడమే పని. రోజు మార్చి రోజు అదే కట్టింది. కాఫీ మొక్కలకి నీళ్ళు మోసింది అందులోనే, దొడ్లో కట్టెలేరింది అందులోనే, పడుకుంది అందులోనే. ఉతుకురాయి మీద వేసి బాదుతుంటే ఫల్గుణ గుమ్మంలో నిలబడి, “ఆ సీరేటి తప్పు సేసింది? నా మీద కోపముంటే నాతో సెప్పు,” అనేవాడు. తను చదివిన కెమిస్ట్రీ ఇన్నాళ్ళకి అక్కరకొచ్చిందని సోడా వేసి ఉడికించింది, తెల్లగీతలు నీలమయ్యాయి, చీర మాత్రం మెత్తబడలేదు. దగ్గరగా నేసిన నేత అది, గంజి పోతే ఇంకా బిరుసెక్కింది. అయినా ఆ రోజులు ఎంత బాగున్నాయో. పొద్దున్నే మంచులో తాడు మీద ఆ చీర ఆరేస్తే అటువైపు ఫల్గుణ నీడ కనపడేది, చీర మీంచే ముక్కు పట్టుకునేది...

సొరంగం. ఒక్కసారిగా అంతా పోయింది. కిటికీ, వలిస పూలు, సూది, చేతులు. పెట్టెకి ఆ చివర తలుపు దగ్గర దీపమొక్కటి మినుకుమంటోంది, అది మనుషులున్నారని తెలియడానికే గాని కుట్టుకి పనికిరాదు. వెనక బెంచీల్లో విశాఖ నుంచొచ్చిన కాలేజీ పిల్లలు ఓ అని కేకలు పెట్టారు, సొరంగం వాళ్ళ కేకలు తీసుకుని రెండింతలు చేసి తిరిగిచ్చింది. తనూ కాలేజీ నుంచి వచ్చినప్పుడు ఇలాగే అరిచింది, గొంతు పోయేదాకా. అప్పుడు సొరంగాలు ఇంకా ఉంటే బాగుండుననిపించింది. ఇప్పుడు ఒక్కొక్కటీ తన చేతిలోంచి వెలుతురు లాక్కుపోతున్న దొంగలా ఉంది. సూది గాలిలోనే పట్టుకుని కూర్చుంది. వెలుతురొచ్చింది, రెండు కుట్లు వేసింది, టప్, టప్, మళ్ళీ సొరంగం.

“ఏటమ్మా, రైలెక్కి బొంత కుడతన్నావు, ఇంటికాడ సోటు సాల్నేదేటి?” అంది ఎదురు బెంచీ మీదావిడ, వెలుతురు రాగానే. అల్లం బస్తా కాళ్ళ దగ్గర పెట్టుకుని అరకులో ఎక్కింది. పేరు అప్పలనర్సమ్మ అని, కొత్తవలసలో కూతురింటికి పోతున్నానని, అల్లుడికి అల్లం టీ అంటే పిచ్చని రైలు కదలకముందే చెప్పేసింది.

“మా వదినకి పాప పుట్టిందండీ. రాత్రికి కావాలి.”

“బొంత ముందు కుట్టి పిల్లల్ని కనాల. మీరు అంతా అపసవ్వం,” అని నవ్వి, “ఆ కిటికీ దించీయమ్మా, సలి కొరికేత్తంది,” అంది.

“వెలుతురు కావాలండీ. కొంచెంసేపు ఓర్చుకోండి.”

“నాను ఓరుస్తాను గానీ నా మోకాళ్ళు ఓరవు. ఆటికి సెవులు నేవు.”

భానుశ్రీ నవ్వలేదు. మామూలప్పుడైతే ఆ మోకాళ్ళ మాట గుర్తుపెట్టుకుని ఫల్గుణకి చెప్పడానికి దాచుకునేది. కిటికీ దించే బదులు, బొంత అవతలి కొసని ఎదురు బెంచీ వైపు జరిపింది. ఆవిడ అడగకుండానే దాన్ని మోకాళ్ళ మీదికి లాక్కుంది, బస్తా మీద కాళ్ళు పెట్టింది, ఇంకో సొరంగం వచ్చి పోయేసరికి గుర్రు మొదలైంది. ఇప్పుడు బొంత తిప్పడానికి కూడా లేదు.

బొర్రా గుహలు స్టేషన్లో రైలు ఆగింది. వెదురు బొంగుల్లో కోడి కాల్చిన పొగ వాసన కిటికీలోంచి వచ్చింది. ఎండ కొండ అంచు మీద చివరి చుక్కలా వేలాడుతోంది. ఆ ఎండలో మళ్ళీ కొత్త చీర అంచెత్తి చూసింది. చూడకుండా ఉండాల్సింది. పొద్దున్న కుట్టిన మొదటి వరసలో అత్త పసుపు చీర పొడుగునా నోరు తెరిచింది, దాని కింద నాయనమ్మ ఇటుకరంగు కూడా పీచు లేచింది. తను మధ్యలో చిరుగు పూడ్చడానికి మొదలుపెట్టింది, పక్కనించి కొత్త చిరుగు పుట్టించింది. కుట్టు కుట్టుకీ కొత్త చీర తనవైపు లాగుతోంది, కింది మెత్తగుడ్డకి ఆ లాగుడు తట్టుకునే ఓపిక లేదు. ఎంత దగ్గరగా కుడితే అంత దగ్గరగా తెగుతోంది. చిన్నప్పటినించీ ఆమె కుట్టు చూసి మిషను కుట్టులా ఉందని అందరూ మెచ్చుకునేవారు. ఆ మెచ్చుకోలే ఇప్పుడు వరసగా పళ్ళు పెట్టి ముగ్గురు ఆడవాళ్ళ చీరల్ని కొరుకుతోంది.

ఎవరి మీద కోపం రావాలో తెలియలేదు, అందుకని అందరి మీదా వచ్చింది. ఇది పదేళ్ళయినా చినగదమ్మా అని గొప్పగా చెప్పి అమ్మిన సంత దుకాణదారు మీద వచ్చింది, చినగకపోవడమేనయ్యా నా ప్రాణానికొచ్చింది. మా అమ్మ ఏదో చెప్తుంది గానీ ఎలా కుట్టినా పరవాలేదులే అన్న ఫల్గుణ మీద వచ్చింది, పరవాలేదు అనే మాట మగవాళ్ళు ఎంత సులువుగా అంటారు, ఆ పరవాలేదు కింద ఎవరు పడి నలుగుతారో వాళ్ళకి కనపడదు. టైముందిలే అన్న అత్త మీద వచ్చింది. చివరికి ఆ పసిగుడ్డు మీద కూడా వచ్చింది, ఏం తొందరే నీకు, ఇంకో నెలుంటే నీ సొమ్మేం పోయింది, నా చీర ఒక్క నెల నలిగేది కదా అని. అనుకున్న మరుక్షణం చెంపలేసుకుంది. ఇంకా మొహమైనా చూడని పిల్లని తిట్టే అత్త ఎక్కడైనా ఉంటుందా. పిల్లకి ముక్కు ఎలా ఉందో, ఫల్గుణదిలా కొస వంగి ఉందో, గుప్పిట్లు మూసుకుని ఉన్నాయో. ఈ రాత్రి ఆ గుప్పిట్లు, ఆ వీపు, తను ఇంత గొప్పగా తెస్తున్న ఈ బిరుసు చీర మీద ఒరుసుకుంటాయి. నీలం రంగు కూడా అంటుతుందేమో. ఆ ఆలోచన రాగానే సూది ఆగిపోయింది.

తనకేం కావాలసలు? ఆ ముగ్గురి మీద నాలుగోదిగా తనుండాలి. రేపు వదిన అత్తవారు వచ్చి చూసి, పైనది ఎవరిదమ్మా అంటే, మా కోడలిది అని అత్త అనాలి. ఆ ఒక్క మాట కోసం పొద్దున్నించీ అన్నం తినకుండా కుడుతోంది. అత్త ఆ మాట అనకపోతే తను ఇంకా ఆ ఇంటికి చుట్టపుచూపుగా వచ్చిన మనిషే అన్నట్టు, స్టీలు గ్లాసు ఎక్కడుందో అడిగి తెచ్చుకునే మనిషే అన్నట్టు. ఇదంతా ఎవరికీ చెప్పలేదు. ఫల్గుణకి చెప్తే నవ్వుతాడు, ముద్దు పెట్టుకుంటాడు, అర్థం కాదు.

రైలు కదిలింది. ఈసారి సొరంగం పొడుగైనది. పిల్లలు కేకలు పెట్టి పెట్టి ఊపిరి చాలక మానేశారు, చక్రాల చప్పుడూ అప్పలనర్సమ్మ గుర్రూ మిగిలాయి. చీకట్లో బొంత మీద చెయ్యి వేసింది. ఎదురు బెంచీ వైపు, ఇంకా కొత్త చీర పరవని చోట, చిరుగుకి కాస్త అవతల, వెచ్చగా ఉంది. ఆవిడ మోకాళ్ళ వేడి. చిరుగున్న పక్కే ఆవిడ కప్పుకున్నది, అయినా చలి కొరికేస్తోందన్న మోకాళ్ళు నోరు మూసుకుని నిద్రపోతున్నాయి. తన వైపు, పిన్నీసులతో నీలం చీర బిగించిన వైపు, చల్లగా, గచ్చులా ఉంది. వేళ్ళతో తడిమింది. కళ్ళకి కనపడనివి వేళ్ళకి కనపడుతున్నాయి. కింద పాతకుట్లు బారుగా, వదులుగా, ఒకటి ఇలా ఒకటి అలా, దుక్కిలో నడిచినట్టు ఉన్నాయి. ఎవరూ వాటిని బిగించలేదు, గుడ్డ కదలడానికి చోటుంచి కుట్టారు. తనవి చీమల్లా బారులు తీరి. ఏది తనదో ఏది కాదో చీకట్లో కూడా తెలిసిపోతోంది.

కుట్టడానికి వెలుతురు కావాలి. విప్పడానికి అక్కర్లేదు.

ఆ మాట ఎవరో చెవిలో చెప్పినట్టనిపించింది. తరవాత సూది మొనని తన కుట్టు కిందికి దూర్చి ఎత్తింది, పళ్ళతో తెంపింది. ఒకటి. పక్కది. పాతగుడ్డ కొంచెం వెనక్కి జారి తన చోట తను సర్దుకున్నట్టనిపించింది. కోపం తగ్గలేదు, అబద్ధమెందుకు, పొద్దున్నించీ చేసిన పని తన చేత్తో తనే విప్పుకుంటుంటే కోపం ఇంకా మండింది, కళ్ళలోంచి కూడా వచ్చింది, చీకటి కదా, కారనిచ్చింది. కాని చెయ్యి ఆగలేదు. వెలుతురొచ్చినా తల ఎత్తలేదు. సొరంగం వచ్చినా ఆపలేదు. కుట్టేటప్పుడు దొంగల్లా వచ్చిన సొరంగాలు ఇప్పుడు అడ్డం రావడం లేదు. చిమిడిపల్లి దాటింది. టైడాలో వెదురు గుబురుల మీద పొద్దు వాలి, కాలేజీ పిల్లలు సామాన్లు ఎత్తుకుని దిగారు. ఒక పిల్ల దిగుతూ బొంత వైపు చూసి, ఎంత బాగుందండీ అంది. ఏది, పైనదా కిందదా అని అడగాలనిపించింది, అప్పటికే ఆ పిల్ల దిగిపోయింది.

చివరి పిన్నీసు తీసి నీలం చీర పైకెత్తి దులిపింది. కత్తెర పెట్టకుండా మడిచి కుట్టింది గనక చీర చీరలాగే ఉంది, కాకపోతే కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా వరసలు వరసలుగా సూది బెజ్జాలు. వెలుతురుకి ఎదురుగా పెడితే ఉప్మారవ్వ జల్లెడలా కనపడింది. పెదవి కొరుక్కుంది. తరవాత ఆ బెజ్జాల్లోంచి కిటికీని చూసింది, కొండని చూసింది, ఎదురుగా నోరు తెరుచుకుని నిద్రపోతున్న అప్పలనర్సమ్మని చూసింది, ఈ రోజు మొదటిసారి కడుపారా నవ్వింది.

ఘాటు అయిపోయి బొడ్డవర వస్తుంటే ఫోను టింగుమంది. మళ్ళీ ధైర్యం జారిపోకముందే నంబరు నొక్కింది.

“అత్తా, బొంత అవలేదు.”

అటువైపు ఏదో గిన్నె మూత పెట్టిన చప్పుడు. “మరి అయిపోనాదన్నావు?”

“అబద్ధం చెప్పాను.”

“పళ్ళ సందున దారమెట్టుకుని అయిపోనాదంటే నమ్మీత్తానేటే? ముప్పై ఏళ్ళు కుట్టినదాన్ని. దారం కరుసుకున్న గొంతు నాకు తెల్దేటి.”

భానుశ్రీకి చెవులు వేడెక్కాయి. “నా చీర పడలేదత్తా. బిరుసు. మీ చీర కూడా ఒక పక్క చింపేశాను. అంతా విప్పేశాను. ఎప్పటిలాగే తెస్తున్నాను, చిరుగుతో.”

ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. లోపలెక్కడో సన్నగా, పిల్లిపిల్ల కూసినట్టు, ఒక ఏడుపు వినపడింది. అదే. ఆ ఏడుపే.

“ఎంత సింపీసినావు?” అంది అత్త.

“మూరెడు.”

“ఉఁ. నాను మాయత్త సీర బారెడు సింపినాను. ఆయమ్మ నాల్రోజులు నాతో మాటాడనేదు.” గొంతులో కోపం ఉందో లేదో తెలియలేదు, ఉండే ఉంటుంది. “ఆ కొత్త సిరుగు గోడవేపు ఎట్టి పరుద్దాం. బేగి రా. గుంట ఎదురు సూత్తంది. మరి ఆ సీరేటి సేత్తావు, పారేత్తావా?”

రైలు ఎస్.కోట వైపు మలుపు తిరుగుతోంది. అప్పలనర్సమ్మ లేచి, బొంత తన మోకాళ్ళ మీంచి తీసి, దులిపి, చిన్నపిల్లని అందించినట్టు రెండు చేతులతో ఆమెకి అందించింది. భానుశ్రీ నీలం చీరని దాని మీద వేసి, బొంతనీ చీరనీ కలిపి గుండెకి అదుముకుంది.

“రేపు పొద్దున్న అది కట్టుకునే ఆసుపత్రికొస్తానత్తా. రోజంతా పాపని నా ఒళ్ళోనే పడుకోబెట్టుకుంటాను. వదినని నిద్రపోనివ్వండి.”

“ఓలమ్మ, సంతలో కొన్న సీర. ఉచ్చ పోసేత్తాదే.”

“పొయ్యనీ అత్తా,” అంది భానుశ్రీ. “రేపు కట్టుకొచ్చేది అందుకే.”